బ్రిట్నీ గ్రైనర్: ఆట, అరెస్టు, వివాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్ పేరు ఎత్తితే చాలు, ప్రతిసారీ అవే ప్రశ్నలు. బాస్కెట్‌బాల్ నేర్చుకునే పిల్లలు డంక్ గురించి అడుగుతారు. వాళ్ల అమ్మానాన్నలు రష్యా జైలు గురించి అడుగుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్లయితే జాతీయ గీతం గొడవ తీస్తారు. ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఆమె చేసిన తప్పులు దాచలేదు, ఆమెకు జరిగిన అన్యాయాన్ని తగ్గించి చెప్పలేదు. ఈ రెండింటినీ ఒకే మూట కట్టి, "ఆవిడ ఎలాగూ అలాంటిదే కదా" అనేసేవాళ్లను చూసీ చూసీ బాధేసి ఇది రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి.

## చిన్నప్పుడు, కాలేజీలో

అసలు ఎవరీ గ్రైనర్? ఎందుకంత పేరు?

1990 అక్టోబర్ 18న టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో పుట్టింది. ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. ఆడే స్థానం సెంటర్, అంటే బుట్ట కింద నిలబడి అవతలి జట్టు షాట్లను అడ్డుకునే పని. తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేసిన సైనికుడు, తర్వాత పోలీసు ఉద్యోగి. బేలర్ యూనివర్సిటీలో కాలేజీ ఆట, 2013 నుంచి అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆట. మూడు ఒలింపిక్ స్వర్ణాలు: 2016 రియో, 2021లో జరిగిన టోక్యో, 2024 పారిస్. ఆట చూడని వాళ్లకు మాత్రం 2022లో రష్యాలో జైలుకి వెళ్లిన అమెరికా క్రీడాకారిణిగానే తెలుసు.

నిజంగా ఆడమనిషేనా? గొంతు కూడా మగవాళ్లలా ఉంటుంది కదా

ఆడమనిషే. ఈ ప్రశ్న ఆమెను స్కూలు రోజుల నుంచీ వెంటాడుతోంది. గొంతు బొంగురుగా ఉందని, ఛాతీ లేదని తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు, ఒంటి మీద చెయ్యేసి మరీ వెక్కిరించేవాళ్లు. కాలేజీకి వచ్చాక గ్యాలరీల నుంచి అవే కేకలు, ఫోన్లలో అవే మెసేజ్‌లు. పొడవు, గొంతు, చేతుల సైజు చూసి ఒక అమ్మాయి ఆడపిల్లేనా అని అడిగే అలవాటు మన దగ్గరా ఉంది. మన గ్రౌండ్‌లలో పొడుగ్గా ఎదిగిన అమ్మాయిలు భుజాలు వంచుకుని నడవడం మీరూ చూసే ఉంటారు. దయచేసి ఈ ప్రశ్న పిల్లల ముందు అడగకండి.

డంక్ చేయడం అంత గొప్పా?

బుట్ట రింగు నేల నుంచి సరిగ్గా 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అదే ఎత్తు. ఎగిరి, బంతితో సహా చేతిని రింగు పైకి తీసుకెళ్లి, పైనుంచి కిందికి దించాలి. మహిళల ఆటలో ఆ పని చేయగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్రైనర్ కాలేజీలోనే 18 సార్లు చేసింది. 2013 మే 27న డబ్ల్యూఎన్‌బీఏలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే రెండుసార్లు చేసింది. ఆ లీగ్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు డంక్‌లు కొట్టడం అదే మొదటిసారి.

కాలేజీలో ఏం సాధించింది?

2011-12 సీజన్‌లో బేలర్ జట్టు 40 మ్యాచ్‌లు ఆడి 40 గెలిచింది. ఒకే సీజన్‌లో 40 విజయాలు అంతకుముందు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏ జట్టుకూ లేవు, మగవాళ్ల జట్లతో కలిపి చూసినా సరే. డెన్వర్‌లో జరిగిన ఫైనల్లో నోటర్ డామ్‌ను 80-61తో ఓడించారు. నాలుగేళ్లలో గ్రైనర్ 3,283 పాయింట్లు చేసింది, 748 షాట్లు అడ్డుకుంది. కానీ ఆఖరి సంవత్సరం లూయీవిల్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయి కాలేజీ నుంచి బయటికి వచ్చింది.

ఎదుటి అమ్మాయి ముక్కు పగలగొట్టిందట, నిజమేనా?

నిజమే. 2010 మార్చిలో, మొదటి సంవత్సరం చదువుతుండగా, టెక్సస్ టెక్‌తో మ్యాచ్‌లో జరిగింది. అవతలి క్రీడాకారిణి ఆమెను పట్టి లాగి తిప్పింది. గ్రైనర్ రెండడుగులు ముందుకు వేసి పిడికిలితో మొహం మీద గుద్దింది. ఆ అమ్మాయి ముక్కు ఎముక విరిగింది. నిబంధన ప్రకారం ఒక మ్యాచ్ నిషేధం పడింది, కోచ్ ఇంకో మ్యాచ్ కలిపింది. గ్రైనర్ క్షమాపణ చెప్పింది. రెచ్చగొట్టారని కొందరు సమర్థిస్తారు, నాకది నచ్చదు. పంతొమ్మిదేళ్ల మనిషి ఆ గుద్దు గుద్దకుండా ఆగగలగాలి.

బేలర్ కోచ్ కిమ్ మల్కీతో గొడవేంటి?

గ్రైనర్ లెస్బియన్. ఇంట్లోవాళ్లకు, జట్టుకు ముందే తెలుసు. బేలర్ బాప్టిస్టు క్రైస్తవ సంస్థ, అప్పట్లో దాని ప్రవర్తనా నియమాల్లో స్వలింగ సంబంధాలకు చోటు లేదు. ఈ సంగతి బయట మాట్లాడొద్దని తమకు చెప్పేవారని, అలా చేస్తే తల్లిదండ్రులు పిల్లల్ని ఈ జట్టుకి పంపరని భయపడేవారని కాలేజీ వదిలాక 2013లో గ్రైనర్ చెప్పింది. ఇద్దరి మధ్యా దూరం అక్కడే మొదలైంది.

అది అందరికీ కనిపించింది మాత్రం 2022లో. గ్రైనర్ రష్యా జైల్లో ఉండగా, అప్పటికి లూసియానా స్టేట్ యూనివర్సిటీ కోచ్‌గా ఉన్న మల్కీని ఒక విలేకరి, మీరు ఈ విషయం మీద మాట్లాడగా నేను వినలేదన్నాడు. ఇకముందూ వినవన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేసింది. తనకు 40-0 సీజన్ ఇచ్చిన శిష్యురాలు పరాయి దేశంలో చెరలో ఉన్నప్పుడు గురువు నోట రావలసిన మాట అది కాదని నేననుకుంటాను. మల్కీ వెళ్లిపోయాక, 2024 ఫిబ్రవరిలో బేలర్ గ్రైనర్‌ను పిలిచి, ఆమె 42 నంబర్ జెర్సీని గౌరవంగా పైన వేలాడదీసింది.

## ప్రొఫెషనల్‌గా

డబ్ల్యూఎన్‌బీఏలో అంత పెద్ద ప్లేయరా, లేక వార్తల వల్ల వచ్చిన పేరా?

పెద్ద ప్లేయరే. కొత్త ప్లేయర్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో, అందరికన్నా ముందు ఎంపికైంది, ఫీనిక్స్ మెర్క్యురీ తీసుకుంది. 2014లో ఆ జట్టు టైటిల్ గెలిచింది. అదే ఏడాది ఒక మ్యాచ్‌లో 11 షాట్లు అడ్డుకుని లీగ్ రికార్డు పెట్టింది. 2014లో, 2018లో ఉత్తమ డిఫెన్సివ్ ప్లేయర్. 2017లో, 2019లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటుతో పాయింట్లు చేసింది. అంకెల్లో కనిపించనిది ఇంకొకటుంది. ఆమె బుట్ట కింద ఉంటే అవతలివాళ్లు లోపలికి దూసుకొచ్చి కూడా షాట్ వేయకుండా బంతిని వెనక్కి ఇచ్చేస్తారు. పాత మ్యాచ్ వీడియో ఏదైనా పెట్టుకుని బంతిని వదిలేసి ఆమె వైపే చూడండి, అర్థమవుతుంది.

2015లో ఇంట్లో గొడవపడి అరెస్టయింది కదా? దాన్ని ఎందుకు ఎవరూ మాట్లాడరు?

మాట్లాడాలి. 2015 ఏప్రిల్ 22న అరిజోనాలోని గుడ్‌ఇయర్‌లో, కాబోయే భార్య, మరో డబ్ల్యూఎన్‌బీఏ క్రీడాకారిణి అయిన గ్లోరీ జాన్సన్‌తో ఇంట్లో కొట్లాట జరిగింది. ఇద్దరికీ చిన్న దెబ్బలు తగిలాయి, పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. గ్రైనర్ క్రమశిక్షణారాహిత్య నేరాన్ని ఒప్పుకుంది, 26 వారాల గృహహింస కౌన్సెలింగ్‌కు వెళ్లాల్సి వచ్చింది. లీగ్ ఇద్దరినీ ఏడేసి మ్యాచ్‌లు నిషేధించింది. లీగ్ చరిత్రలోనే చాలా కఠినమైన శిక్షల్లో అదొకటి.

ఇద్దరూ ఆడవాళ్లే కదా, చిన్న గొడవే కదా అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఇంట్లో చెయ్యెత్తడం ఎవరు చేసినా హింసే. దానికి కోర్టు, లీగ్ వేసిన శిక్షను ఆమె పూర్తి చేసింది.

పెళ్లయిన నెలకే పెళ్లి రద్దు చేయమని కోర్టుకెళ్లిందా?

అవును. 2015 మే 8న గ్లోరీ జాన్సన్‌తో పెళ్లి, జూన్ 5న రద్దు కోసం దరఖాస్తు. మధ్యలో 28 రోజులు. అప్పటికి జాన్సన్ గర్భవతి, ఆ సంగతి అంతకు ముందురోజే బయటపెట్టింది. ఆ అక్టోబర్‌లో కవల ఆడపిల్లలు పుట్టారు. 2016లో విడాకులయ్యాయి, పిల్లల పోషణకు గ్రైనర్ నెలనెలా డబ్బు కట్టాలని కోర్టు తేల్చింది. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా మింగుడుపడని ఘట్టం ఇదే. 2019లో గ్రైనర్ షెరెల్ అనే మహిళను పెళ్లి చేసుకుంది.

2019లో మ్యాచ్ మధ్యలో కొట్లాట ఎందుకు జరిగింది?

ఆగస్టు 10న డాలస్ వింగ్స్‌తో ఆటలో బుట్ట కింద తోపులాట, క్రిస్టీన్ అనిగ్వే చేతులు విసరడం, గ్రైనర్ ఆమె వెంటపడటం. గ్రైనర్‌కు మూడు మ్యాచ్‌లు, అనిగ్వేకు ఐదు మ్యాచ్‌ల నిషేధం. తనను మ్యాచ్ మ్యాచ్‌కీ గుద్దుతున్నా రిఫరీలు ఈల వేయరని గ్రైనర్ కోపంగా చెప్పింది. పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్ల మీద ఫౌల్ చేస్తే అది ఫౌల్‌లా కనిపించదు. ఆ మాటలో కొంత నిజముంది.

జాతీయ గీతం పాడొద్దందా?

2020 జులైలో, కోవిడ్ వల్ల లీగ్ మొత్తం ఫ్లోరిడాలో ఒకేచోట ఆడుతున్నప్పుడు, ఆ సీజన్‌లో మ్యాచ్‌లకు ముందు గీతం వాయించకూడదని తన అభిప్రాయం అంది. వాయించినంతకాలం తాను కోర్టు మీదికి రానని చెప్పింది. ఆ ఏడాది మార్చిలో లూయీవిల్‌లో బ్రియానా టేలర్ అనే నల్లజాతి యువతిని పోలీసులు ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ సీజన్‌ను లీగ్ ఆమెకు అంకితమిచ్చింది. గ్రైనర్ నిరసన ఆ సందర్భంలోది.

రెండేళ్ల తర్వాత ఆమె జైల్లో పడితే, "గీతానికి నిలబడనిదాన్ని దేశం ఎందుకు కాపాడాలి" అన్నారు. పౌరుల అభిప్రాయాలు చూసి విడిపించాలా వద్దా అని తేల్చే దేశం ఎవరికీ దేశం కాదు. 2023లో తిరిగి ఆడినప్పుడు ఆమె గీతానికి నిలబడింది. 2024 ఆగస్టు 11న పారిస్‌లో ఫ్రాన్స్‌ను 67-66తో గెలిచి పతకం మెడలో వేసుకుని అదే గీతం వింటూ ఏడ్చింది.

అంత పెద్ద స్టార్‌కి రష్యా వెళ్లి ఆడాల్సిన ఖర్మేంటి?

జీతం. 2022లో డబ్ల్యూఎన్‌బీఏలో అత్యున్నత స్థాయి ప్లేయర్‌కి ఏడాదికి వచ్చేది దాదాపు 2,28,000 డాలర్లు. ఆ రోజుల్లో మగవాళ్ల ఎన్‌బీఏలో కొత్తగా చేరిన కుర్రాడి కనీస జీతమే 9 లక్షల డాలర్ల పైమాట. రష్యాలోని యూఎమ్‌ఎమ్‌సీ ఎకటెరిన్‌బర్గ్ క్లబ్ గ్రైనర్‌కు ఒక్క చలికాలం సీజన్‌కి 10 లక్షల డాలర్లకు మించి ఇచ్చేదని వార్తలొచ్చాయి.

అందుకే వేసవిలో అమెరికా, చలికాలంలో విదేశం. విశ్రాంతి నెలలు ఉండవు. మొదట చైనా, 2015 నుంచి ఎకటెరిన్‌బర్గ్. ఆమెతో ఆ క్లబ్ యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోలీగ్‌లో నాలుగు టైటిళ్లు గెలిచింది. ఆమె సహచరి డయానా టొరాసీకి అదే క్లబ్ డబ్బిచ్చి, 2015లో అమెరికా సీజన్ మొత్తం ఆడకుండా విశ్రాంతి తీసుకొమ్మంది! ఊళ్లో పని ఉన్నా కూలి గిట్టక దుబాయ్ విమానం ఎక్కే మనుషులు మన కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, కడపలో ఇంటింటికీ ఉన్నారు. అంకెలు వేరు గానీ లెక్క అదే. ఆమె రష్యా ఎందుకు వెళ్లిందని వాళ్లెవరూ అడగరు.

## రష్యాలో 294 రోజులు

అసలు ఆమె దగ్గర ఏం దొరికింది?

2022 ఫిబ్రవరి 17న మాస్కో షెరెమెత్యేవో విమానాశ్రయంలో ఆమె సామాను తనిఖీ చేశారు. ఈ-సిగరెట్‌లో పెట్టుకునే రెండు కార్ట్రిడ్జ్‌లు దొరికాయి. వాటిలో గంజాయి నూనె. ఒకదానిలో 0.252 గ్రాములు, ఇంకోదానిలో 0.45 గ్రాములు. రెండూ కలిపి 0.702 గ్రాములు, అంటే గ్రాము కూడా లేదు. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఆమె అరెస్టు సంగతి లోకానికి తెలిసింది మార్చి 5న.

డాక్టర్ రాసిచ్చిన మందు కదా, మరి నేరం ఎలా అయింది?

పాత గాయాల నొప్పులకు అరిజోనాలో డాక్టర్ వైద్య గంజాయి రాసిచ్చాడు. అరిజోనా చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. అమెరికా కేంద్ర చట్టం అప్పట్లో ఒప్పుకోలేదు. రష్యా చట్టం అసలే ఒప్పుకోదు, అక్కడ వైద్యానికి కూడా నిషేధమే. కాబట్టి దాన్ని రష్యాలోకి తీసుకెళ్లడం నేరమే.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే గసగసాలు తలుచుకోండి. మనింట్లో మసాలా డబ్బాలో ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. కొడుక్కి కూర పొడి పంపిన అమ్మకు తాను నేరం చేస్తున్నట్టు తెలియదు, దొరికితే జైలుకి వెళ్లేది మాత్రం ఎవరి చేతిలో సంచి ఉంటే వాళ్లు. గల్ఫ్‌కైనా, వైద్య విద్యకు రష్యాకైనా వెళ్లేవాళ్లు సర్దేముందు ఆ దేశం చట్టం చూసుకోవాలి.

తప్పు ఎందుకు ఒప్పుకుంది? ఒత్తిడి చేశారా?

జులై 1న ఖిమ్కీ కోర్టులో విచారణ మొదలైంది, జులై 7న నేరం ఒప్పుకుంది. హడావిడిగా సర్దుకున్నానని, చట్టం మీరాలనే ఉద్దేశం లేదని చెప్పింది. రష్యా కోర్టుల్లో క్రిమినల్ కేసు విచారణకొస్తే శిక్ష పడకుండా బయటపడేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు. ఒప్పుకుంటే శిక్ష తగ్గొచ్చని ఆశ. విమానాశ్రయంలో తనకు అర్థం కాని కాగితాల మీద సంతకాలు చేయించారని, ఫోన్‌లో అనువాదం యాప్ చూసుకుంటూ తంటాలు పడ్డానని కోర్టులో చెప్పింది.

ఆ రోజుల ఫొటో ఒకటుంది. నిందితులను ఉంచే ఇనుప ఊచల బోనులో నిలబడి ఒక ఫొటో పైకెత్తి చూపిస్తోంది. అందులో లీగ్‌లోని మేటి ప్లేయర్ల మధ్య జరిగే ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడిన క్రీడాకారిణులందరూ ఆమె పేరు, 42 నంబర్ ఉన్న జెర్సీలు వేసుకుని ఉన్నారు. ఊచల మధ్య నుంచి కెమెరాకి కనిపించేలా రెండు చేతులతో పట్టుకుంది. ఆ జట్టులో ఉండాల్సిన మనిషి ఆమె.

9 ఏళ్ల శిక్ష న్యాయమేనా?

ఆగస్టు 4న తొమ్మిదేళ్ల జైలు, 10 లక్షల రూబుళ్ల జరిమానా విధించారు. ఆ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష పదేళ్లు. అంటే అరపూట కూడా రాని మందుకి దాదాపు ఆఖరి మెట్టు దాకా వెళ్లారు. ఇలాంటి కేసుల్లో సగటు ఐదేళ్లని, దాదాపు మూడోవంతు మందికి పెరోల్ కూడా దొరుకుతుందని ఆమె లాయర్లు అన్నారు. ఆమెను రష్యా అన్యాయంగా నిర్బంధించిందని మే నెలలోనే అమెరికా ప్రకటించింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తెచ్చినది తప్పు, దానికి వేసిన వెల దొంగ లెక్క. యుద్ధం రోజుల్లో ఒక ప్రసిద్ధ అమెరికన్ చేతికి చిక్కింది, బేరానికి పనికొచ్చింది.

జైల్లో ఎలా ఉంచారు?

అప్పీలు కొట్టేశాక నవంబర్‌లో మార్డోవియా ప్రాంతంలోని యావాస్‌లో ఉన్న ఐకే-2 అనే మహిళల శిబిరానికి తరలించారు. అక్కడ ఖైదీలు సైనికుల యూనిఫాంలు కుడతారు. మంచం ఆమె పొడవుకి సరిపోయేది కాదు. చలిలో తడి జడలు ఆరక గడ్డకట్టిపోతుండటంతో, ఏళ్ల తరబడి పెంచుకున్న జటలు కత్తిరించేసుకుంది. అంతకుముందు, అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న, ఆమె చేత్తో రాసిన ఉత్తరం అధ్యక్షుడు బైడెన్‌కి అందింది. ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతానేమోనని భయంగా ఉందని, ప్రతి జులై 4నా వియత్నాంలో పోరాడిన తన తండ్రి లాంటివాళ్లను తలుచుకుంటామని అందులో ఉంది.

## మార్పిడి

ఒక ఆయుధాల వ్యాపారిని వదిలి ఆమెను తెచ్చుకోవడం న్యాయమా?

ఆ వ్యాపారి, రష్యాకు చెందిన విక్టర్ బూట్, చిన్నవాడు కాదు. 2008లో బ్యాంకాక్‌లో పట్టుకున్నారు, 2012లో న్యూయార్క్ కోర్టు 25 ఏళ్లు వేసింది. 2022 డిసెంబర్ 8న అబుదాబిలో విమానాల పక్కన ఇద్దరినీ మార్చుకున్నారు. రష్యా వీడియోలో ఎర్ర జాకెట్, పొట్టి జుట్టుతో గ్రైనర్ కనిపిస్తుంది. బూట్‌తో పోలిస్తే గ్రైనర్ చేసింది ఏమీ కాదు, త్రాసు వంకరదే. కానీ ఆ త్రాసు పట్టుకున్నది రష్యా. వదిలేసిన పాపం బైడెన్ ప్రభుత్వానిదా అంటే కొంత అవును. అది గ్రైనర్ మీద వేయడం అన్యాయం, ఆమె బేరంలో సరుకు మాత్రమే.

అమెరికా మాజీ సైనికుడు పాల్ వేలన్‌ని వదిలేసి ఈమెనెందుకు తెచ్చారు?

వేలన్ 2018 డిసెంబర్‌లో మాస్కోలో అరెస్టయ్యాడు, గూఢచర్యం పేరుతో 16 ఏళ్లు వేశారు. అమెరికా ఇద్దరినీ అడిగింది. వేలన్ కేసు వేరని రష్యా మొండికేసింది. ఒకరు వస్తారు, లేదంటే ఎవరూ రారు అన్న పరిస్థితిలో ఒకరిని తెచ్చుకున్నారు. వేలన్ సోదరుడు డేవిడ్ ఆ నిర్ణయం సరైనదేనన్నాడు. తమ మనిషి లోపలే ఉండగా ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసు కావాలో! వేలన్ 2024 ఆగస్టు 1న విడుదలయ్యాడు.

అదే తప్పుకి పట్టుబడిన టీచర్ సంగతేంటి?

ఆయన మార్క్ ఫోగెల్ అనే అమెరికన్. 2021 ఆగస్టులో, అదే విమానాశ్రయంలో, దాదాపు 17 గ్రాముల వైద్య గంజాయితో దొరికాడు. 14 ఏళ్లు వేశారు. ఆయన కోసం ఆల్‌స్టార్ మ్యాచ్‌లో జెర్సీలు వేసుకునేవాళ్లు లేరు. 2025 ఫిబ్రవరి దాకా లోపలే ఉన్నాడు. పేరున్నవాళ్లకే ప్రభుత్వం కదులుతుందన్న విమర్శకు ఇక్కడ నిజంగా జవాబు లేదు. ఇంకోవైపు, మగవాళ్ల ఎన్‌బీఏ స్టార్ లెబ్రాన్ జేమ్స్ అయ్యుంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాడని ఫీనిక్స్ కోచ్ 2022 జులైలో అంది. ఆ మాటా కొట్టిపారేయలేను.

## తిరిగొచ్చాక

మళ్లీ అదే స్థాయిలో ఆడగలిగిందా?

2023 మే 19న లాస్ ఏంజెలిస్‌లో తిరిగి ఆడింది, 18 పాయింట్లు చేసింది. జట్టు మాత్రం ఆ సీజన్‌లో 40లో 9 మ్యాచ్‌లే గెలిచింది. జులైలో మానసిక ఆరోగ్యం కోసం కొన్ని మ్యాచ్‌లు ఆగింది. పది నెలలు ఆట లేకుండా, సరైన తిండి లేకుండా గడిపిన సెంటర్ ఆల్‌స్టార్‌కి ఎంపిక కావడమే నాకు పెద్ద విషయం. 2025లో ఫీనిక్స్ వదిలి అట్లాంటా డ్రీమ్‌కు ఆడింది.

విమానాశ్రయంలో ఎవరో వెంటపడ్డారట?

2023 జూన్‌లో, డాలస్ విమానాశ్రయంలో ఒకతను కెమెరా పట్టుకుని, బూట్ గురించి కేకలు వేస్తూ జట్టు వెంటపడ్డాడు. అప్పటిదాకా డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ఎక్కువగా మామూలు ప్రయాణికుల విమానాల్లో తిరిగేవి. 2024 నుంచి లీగ్ అన్ని జట్లకూ ప్రత్యేక విమానాలు పెట్టింది.

మళ్లీ విదేశాల్లో ఆడుతుందా?

ఒలింపిక్స్‌లో దేశం తరఫున తప్ప ఇక విదేశంలో ఆడనని 2023 ఏప్రిల్‌లో ఫీనిక్స్‌లో చెప్పింది. పారిస్ ఒలింపిక్స్‌కి ముందు 2024 జులైలో ఆమెకు, షెరెల్‌కు కొడుకు పుట్టాడు. 2025 జనవరిలో నఫీసా కోలియర్, బ్రియానా స్టూవర్ట్ అనే ఇద్దరు క్రీడాకారిణులు మయామీ ప్రాంతంలో అన్‌రైవల్డ్ అనే చలికాలం లీగ్ మొదలుపెట్టారు. సగటు జీతం 2 లక్షల డాలర్లకు పైనే. గ్రైనర్ ఆ చలికాలం అక్కడ ఫాంటమ్ జట్టుకు ఆడింది.